అయ్యవారికి చదువు చెప్పేదెవరు?



మూడవ తరగతి చదివే ఒక బాలుని నోటుపుస్తకంలోని రెండు వాక్యాలతో ఈ వ్యాసం మొదలుపెడతాను. ‘నేను పడికి పోతాను.’ ‘సాయంత్రం సల్లని కాలి వస్తుంది.’ బడిని పడి అని, గాలిని కాలి అని వ్రాశాడు. పలకమంటే మాత్రం బడి అనే పలుకుతాడు, గాలి అనే పలుకుతాడు. వాని నాలుకలో తప్పు లేదు. ఇంట్లో అవ్వ దగ్గర నేర్చిన తెలుగు అది. తప్పు చేతిలో ఉన్నది. ఆ చేయి తమిళ అక్షరాలకు ముందుగా అలవాటు పడిన చేయి.

క, చ, ట, త, ప అనే ఐదు వర్గాలలో అనునాసికాలను తీసివేస్తే తెలుగులో ఇరవై అక్షరాలున్నాయి. తమిళంలో వాటి స్థానంలో ఐదే ఉన్నాయి. ‘క’ అని వ్రాసిన అక్షరమే చోటును బట్టి ‘గ’గానూ పలుకుతుంది, ‘ప’ అని వ్రాసినదే ‘బ’గానూ పలుకుతుంది. మాట నడుమ ‘క’ను గట్టిగా పలకవలసి వస్తే తమిళంలో దానిని ద్విత్వం చేసి వ్రాస్తారు. అందుచేతనే మన పిల్లలు ‘ఆకు’ను ‘ఆక్కు’ అని, ‘పాట’ను ‘పాట్ట’ అని వ్రాస్తారు. వారు అజాగ్రత్తగా వ్రాయడం లేదు. ఒక లిపిలో నేర్చుకొన్న నియమాన్ని మరొక లిపిలో శ్రద్ధగా పాటిస్తున్నారు.

ఈ సంగతి నాకు ఎప్పుడు తెలిసినది? ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి, చాలా ఏండ్లు పాఠాలు చెప్పిన తరువాత తెలిసినది. అంతవరకు నేను చేసినది ఒక్కటే: తప్పు వ్రాసిన మాటను పదిసార్లు, ఇరవైసార్లు వ్రాయించడం. పిల్లవాడు ఇరవైసార్లు ‘బడి’ అని వ్రాసి, మరునాడు మళ్లీ ‘పడి’ అని వ్రాసేవాడు. నేను వానిని మందమతి అనుకొన్నాను. రోగం ఒకటైతే మందు మరొకటి ఇచ్చిన వైద్యుని వంటివాడిని నేను. ఆ పిల్లలకు ఈనాడు క్షమాపణ చెప్పుకొందామన్నా వారు ఎక్కడెక్కడ ఉన్నారో తెలియదు.

పోస్టు నిండడం వేరు, ఉపాధ్యాయుడు తయారు కావడం వేరు. తమిళనాటి తెలుగువారమైన మనం పోస్టుల కోసం ఎన్నో ఏండ్లుగా అడుగుతున్నాం, అడగవలసినదే. కాని ఆ పోస్టులో కూర్చున్న అయ్యవారికి ఎవరు, ఎక్కడ, ఏ భాషలో చదువు చెబుతారని మనం అడగలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఆ ఒక్క మాటే.

పరిస్థితి మారింది, మన శిక్షణ మారలేదు

నా వయసు ఉపాధ్యాయులు శిక్షణ పొందిన కాలంలో తెలుగు బడికి వచ్చే బిడ్డ మొదట దిద్దే అక్షరం తెలుగు అక్షరమే. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళ అభ్యసన చట్టాన్ని తెచ్చింది. 2006–07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక తరగతి చొప్పున పైకి జరుగుతూ, 2015–16 నాటికి తమిళం పదవ తరగతి వరకు నిర్బంధ మొదటి భాష అయినది. ఇతర మాతృభాషలు ఐచ్ఛిక పాఠ్యాంశం స్థానానికి వచ్చాయి. పదవ తరగతి విద్యార్థులకు మినహాయింపు కోరుతూ భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానాలకు పోవడం, 2016లోనూ ఆ తరువాతా మద్రాసు హైకోర్టు, 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తాత్కాలికంగా మినహాయింపులు ఇవ్వడం మీకు తెలిసినదే.

ఆ చట్టం మంచిచెడ్డలను ఇక్కడ చర్చించబోను. తమిళం మన బిడ్డలకు అన్నం పెట్టే భాష, ఇరుగుపొరుగు భాష, దానిని చక్కగా నేర్వవలసినదే. నేను చెప్పేది బోధనకు సంబంధించిన విషయం. ఆ చట్టం తరువాత మన తరగతిలోకి వచ్చే బిడ్డ వేరు. ఈ బిడ్డ ఇంట్లో తెలుగు వింటుంది, వీధిలో తమిళం వింటుంది, బడిలో తమిళ లిపితో కలిపో, దాని తరువాతనో తెలుగు లిపిని చూస్తుంది. తెలుగు ఆమెకు పుట్టినింటి భాషే గాని, మొదటి చదువు భాష కాదు. ఇటువంటి బిడ్డకు తెలుగు నేర్పడం ఒక ప్రత్యేక విద్య. అది చిత్తూరులో చదివిన ఉపాధ్యాయునికి తెలియదు. అక్కడి పిల్లలకు ఈ చిక్కు లేదు. మదురైలో చదివిన ఉపాధ్యాయునికీ తెలియదు. ఆయనకు తెలుగుతో పని లేదు. తెలియవలసినది మనకు, అనగా వేలూరు, రాణిపేట, తిరుపత్తూరు, కృష్ణగిరి, తిరువళ్లూరు జిల్లాలలోనూ చెన్నై నగరంలోనూ తెలుగు చెప్పేవారికి. మనకు నేర్పినవారు లేరు.

లిపి ఒక్కటే కాదు, మాట సంగతి కూడా చూడండి. మా వైపు బిడ్డ ‘మా యమ్మ బువ్వ చేస్తా ఉండాది’ అంటుంది. పాఠ్యపుస్తకంలో ‘మా అమ్మ అన్నం వండుతున్నది’ అని ఉంటుంది. శిక్షణ లేని ఉపాధ్యాయుడు ‘అది తప్పు, ఇది ఒప్పు’ అంటాడు. ఆ ఒక్క మాటతో బిడ్డకు అర్థమయ్యేదేమంటే తన తల్లి మాట తప్పని. మరునాటి నుండి ఆమె నోరు విప్పదు. విప్పినా తమిళంలో బదులు చెబుతుంది. శిక్షణ పొందిన ఉపాధ్యాయుడైతే ‘ఇంట్లో ఇట్లా అంటాం, పుస్తకంలో అట్లా వ్రాస్తారు’ అని రెండింటినీ పక్కపక్కన పలకపై వ్రాస్తాడు. చిన్న తేడాయే, కాని బిడ్డ తెలుగులో నిలవడం, జారిపోవడం దానిపై ఆధారపడి ఉన్నది.

హక్కు ఉన్నది, దాని లోపలి సరుకు లేదు

మన హక్కులకు కాగితం మీద లోటు లేదు. 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక తీర్మానం చేసింది. ఒక బడిలో నలుబదిమంది గాని, ఒక తరగతిలో పదిమంది గాని అల్పసంఖ్యాక భాష మాట్లాడే బిడ్డలు ఉంటే, వారికి మాతృభాషలో చెప్పేందుకు కనీసం ఒక ఉపాధ్యాయుని నియమించాలని దాని సారాంశం. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350ఏ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సదుపాయాలు కల్పించే బాధ్యతను రాష్ట్రాలకు అప్పగించింది. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగును మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడి ఉన్నారు. రాష్ట్ర జనాభాలో నూటికి దాదాపు ఆరుగురు.

తీర్మానంలో ‘ఒక ఉపాధ్యాయుడు’ అని ఉన్నది. అధికరణంలో ‘తగిన సదుపాయాలు’ అని ఉన్నది. ఆ ఉపాధ్యాయుని తయారు చేసి, ఏటేటా సానబెట్టడం కూడా ఆ సదుపాయాలలో భాగమే గదా! బావి త్రవ్వించి, చేదను, తాడును ఇవ్వకపోతే ఊరి దాహం తీరుతుందా?

ఒక శిక్షణ శిబిరంలో నాకు కలిగిన అనుభవం చెబుతాను. శిక్షకులు చక్కనివారు, శ్రద్ధగలవారు. తమిళ మాటలను అక్షరాలుగా కత్తిరించి, అట్టముక్కలపై అతికించి, పిల్లలచేత మళ్లీ కూర్పించే ఆట నేర్పారు. తమిళంలో ‘అక్కా’ అనే మాట మూడు ముక్కలవుతుంది. చుక్క పెట్టిన ‘క్’ ఒక ముక్క, దాని పక్కన ‘కా’ మరొక ముక్క. పిల్లలకు ఎంతో ఆనందం. నేను తిరిగి వచ్చి మా తెలుగు తరగతిలో అదే ఆట ఆడించబోయాను. ‘అక్క’ను ఎట్లా కత్తిరించేది? మన వత్తు అక్షరం కాళ్ల దగ్గర ఉంటుంది, పక్కన ఉండదు. కత్తెర దగ్గరే ఆట ఆగిపోయింది. శిబిరంలో ఈ ప్రశ్న అడిగి ఉంటే ‘మీరే తెలుగుకు తగినట్టు మార్చుకోండి’ అని ఉండేవారు. ప్రతి శిబిరంలోనూ మనకు దొరికే సమాధానం అదే. వారిని తప్పుపట్టను, వారికి తెలుగు రాదు. కాని ఆ ‘మార్చుకోవడం’ అనే పని తేలిక కాదు. వత్తును వేరే రంగు అట్టపై వ్రాసి, అక్షరం క్రింద పెట్టే విధంగా ఆ ఆటను మలచుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. నాలాగే మరొక ఊరిలో మరొకరు అదే రెండు నెలలు కష్టపడి ఉంటారు. ఇంకొక ఊరిలో ఇంకొకరు విసిగి ఆ అట్టలను అటకమీద పడవేసి ఉంటారు.

2020 నాటి జాతీయ విద్యావిధానం ప్రతి ఉపాధ్యాయుడు ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తి నైపుణ్యం పెంచుకొనే శిక్షణ పొందాలని చెప్పింది. తమిళనాడు ఆ విధానాన్ని అంగీకరించలేదు. 2025 ఆగస్టులో తన సొంత రాష్ట్ర విద్యావిధానాన్ని ప్రకటించింది. ఆ వాదులాటతో మనకు పని లేదు. ఏ ప్రభుత్వమైనా, గంటలు యాభై అయినా ఇరవై అయినా, నా ప్రశ్న ఒక్కటే: అందులో తెలుగు గంటలు ఎన్ని?

పరీక్ష గురించి రెండు మాటలు

ఈ మధ్య మన ఉపాధ్యాయుల గుండెల్లో గుబులు పుట్టించినది అర్హత పరీక్ష. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. అదే ఏడు ఆగస్టు 23న జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి కనీస అర్హతలను నిర్ణయిస్తూ ఈ పరీక్షను తెచ్చింది. తమిళనాడులో మొదటిసారి 2012 జూలైలో పెట్టారు. ఆరున్నర లక్షల మంది వరకు వ్రాస్తే నెగ్గినవారు రెండున్నర వేలకు లోపే. గంటన్నర వ్యవధి చాలలేదని, దానిని మూడు గంటలు చేసి, అక్టోబరులో మళ్లీ పెట్టవలసి వచ్చింది.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. పదవీ విరమణకు ఐదేండ్లకు మించి గడువున్న ఉపాధ్యాయులు, చట్టానికి ముందే చేరినవారైనా సరే, రెండేండ్లలో ఈ పరీక్ష నెగ్గాలని దాని సారాంశం. ఐదేండ్లకు తక్కువ ఉన్నవారు కొనసాగవచ్చును గాని పదోన్నతి కోరరాదు. అల్పసంఖ్యాక విద్యాసంస్థలకు ఇది వర్తిస్తుందా అన్న ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించారు. తీర్పును పునఃసమీక్షించాలని పలువురు కోరారు కూడా.

నా సంగతి దాచను. నాకు ఇంకా ఐదేండ్లకు మించి సర్వీసు ఉన్నది. యాభై దాటిన వయసులో మళ్లీ పరీక్షకు చదవవలసి రావడం అవమానమని కొందరు మిత్రులు అంటున్నారు. నాకు అవమానం అనిపించలేదు. పిల్లలకు ప్రతి నెలా పరీక్ష పెట్టేవాడు తాను పరీక్షకు కూర్చోవడంలో తప్పేమున్నది? నా బాధ వేరు. ఈ పరీక్షలో మొదటి భాషగా తెలుగును ఎంచుకోవచ్చును; మంచిదే. శిశు మనస్తత్వం, గణితం, పరిసరాల విజ్ఞానం వంటి తక్కిన విభాగాల ప్రశ్నలు తమిళం, ఇంగ్లీషులలో ఉంటాయి. తెలుగు మాధ్యమంలో చదివి, తెలుగు మాధ్యమంలో శిక్షణ పొంది, ఇరవై ఏండ్లుగా తెలుగులో పాఠాలు చెప్పినవారు ఆ ప్రశ్నలను మరొక భాషలో చదివి అర్థం చేసుకొని వ్రాయాలి. వారికి తెలుగులో ఒక మార్గదర్శక పుస్తకమైనా, నాలుగు దినాల తయారీ తరగతులైనా ఉండవద్దా?

పరీక్ష కొలిచే కర్ర మాత్రమే. కర్ర పొడవు పెంచినంత మాత్రాన పైరు పెరగదు. ఎరువు, నీరు ఇచ్చినవారికి కొలిచే హక్కు ఉంటుంది. కనుక మన సంఘాలు పరీక్ష వద్దని మాత్రమే అడగకుండా, పరీక్షకు ముందు తెలుగులో శిక్షణ ఇవ్వండని అడిగితే న్యాయంగా ఉంటుంది, వినేవారికి కూడా సబబుగా ఉంటుంది.

ఇది కాని పని కాదు

ఇదంతా చిన్న భాషావర్గానికి ఎవరు చేస్తారని నిరాశపడేవారు ఉన్నారు. వారికి మూడు ఉదాహరణలు.

మొదటిది మన గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయనను వాడుక భాషోద్యమ పితామహునిగానే మనం తలచుకొంటాం. ఆగస్టు 29న దండ వేసి ఊరుకొంటాం. ఆయన ఉద్యోగరీత్యా మనవంటి బడిపంతులే. నాటి మద్రాసు రాజధానిలోని పర్లాకిమిడిలో పనిచేస్తూ, కొండలలో ఉండే సవరల భాషను పట్టుదలతో నేర్చుకొన్నారు. సవర బిడ్డలకు వారి భాషలోనే చెప్పాలని వాచకాలు తయారు చేశారు. తన సొమ్ముతో బడులు పెట్టారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు ప్రకటించారు. అప్పుడు అక్కడ చిన్న భాష సవర, పెద్ద భాష తెలుగు. పెద్ద భాషకు చెందిన పంతులు చిన్న భాష బిడ్డ కోసం తాను ముందు విద్యార్థి అయ్యాడు. మనం మన సొంత బిడ్డల కోసం విద్యార్థులం కాలేమా?

రెండవది మన ఇరుగున జరిగినది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రంలో, ఒకే గది, ఒకే అయ్యవారు, ఐదు తరగతులు ఉండే పల్లెబడుల కోసం ఒక పద్ధతిని రూపొందించారు. పాఠాన్ని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కొక్క మెట్టుకు ఒక్కొక్క అట్ట తయారు చేసి, గోడమీద నిచ్చెన పటం పెట్టారు. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుండి తన వేగంతో పైకి పోతుంది. ఆ అట్టలు తెలుగులో పుట్టాయి. 2003 ప్రాంతంలో చెన్నై నగరపాలక సంస్థ ఉపాధ్యాయులు అక్కడికి పోయి చూచి, నేర్చుకొని వచ్చి, తమిళంలో ఆ పద్ధతిని మలచుకొన్నారు. 2007–08 నాటికి రాష్ట్రమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో అది అమలయింది. అదే మనం చేయించిన కృత్యాధార బోధన. తరువాత దాని స్థానంలో వేరే పద్ధతులు వచ్చాయి. అది వేరే కథ. నేను చెప్పదలచినది ఇది: తెలుగు పల్లెబడి కోసం పుట్టిన విద్య సరిహద్దు దాటి తమిళంలో రాష్ట్రమంతా వ్యాపించగలిగినప్పుడు, ఆంధ్రలో ఉన్న బోధనా నైపుణ్యం తెలుగులోనే మన దాకా రావడానికి అడ్డేమిటి? ఉపాధ్యాయులు ఒకసారి సరిహద్దు దాటి నేర్చుకొన్నారు. మళ్లీ దాటవచ్చును.

మూడవది దూరదేశపు మాట. బ్రిటన్‌లోని వేల్స్‌లో వెల్ష్ భాష ఇంగ్లీషు నీడన నలిగిపోతూ ఉన్నది. అక్కడి ప్రభుత్వం 2006లో ఒక పథకం మొదలుపెట్టింది. వెల్ష్ భాషలో నైపుణ్యం పెంచుకోదలచిన ఉపాధ్యాయుని కొన్ని వారాలు గాని, నెలలు గాని బడి పని నుండి తప్పించి చదువుకు పంపుతారు. ఆ కాలంలో ఆయన స్థానంలో వేరొకరిని పెట్టుకొనే ఖర్చును పథకమే భరిస్తుంది. చిన్న భాషను కాపాడాలంటే ముందు దాని ఉపాధ్యాయుని చూచుకోవాలని వారు గ్రహించారు. మన దేశంలోనూ ఇటువంటిది పూర్తిగా లేకపోలేదు. మైసూరులోని దక్షిణ ప్రాంతీయ భాషాకేంద్రంలో ఇతర భాషల ఉపాధ్యాయులు వచ్చి పది నెలలపాటు తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం నేర్చుకొనే ఏర్పాటు ఎన్నో ఏండ్లుగా ఉన్నది. తెలుగు రానివారికి తెలుగు నేర్పడానికి ఏర్పాటు ఉన్నప్పుడు, తెలుగు చెప్పేవారికి మెరుగు పెట్టడానికి పది దినాలైనా దొరకవా?

అడగవలసినవి

మన విన్నపాలలో ఇకమీదట ఈ మూడూ ఉండాలని నా అభిప్రాయం.

ఒకటి: రాష్ట్రంలోని తెలుగు ఉపాధ్యాయులందరికీ జిల్లాల హద్దులు లేకుండా ఏడాదికి ఒకసారి తెలుగులో శిక్షణ. ఒక్కొక్క మండలంలో మనం ఇద్దరం ముగ్గురం; అందుకే తమిళ శిబిరంలో వెనుక వరుసలో కూర్చోబెడతారు. అన్ని జిల్లాలవారినీ ఒకచోట చేర్చితే ఒక తరగతి నిండుతుంది. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఉన్నది. 1997లో అది స్థాపితమైనది దక్షిణాది భాషల మధ్య ఇటువంటి పనికే గదా! మన సరిహద్దుకు అది కూతవేటు దూరంలో ఉన్నది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, చెన్నైలో మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు శాఖ ఉన్నాయి. రాష్ట్ర విద్యాశాఖ పిలిస్తే వచ్చి చెప్పగల పండితులకు కొరత లేదు.

రెండు: తమిళ లిపి తెలిసిన బిడ్డకు తెలుగు లిపి నేర్పే విధానంపై ఒక ఉపాధ్యాయ కరదీపిక. నూరు పుటలు చాలు. క–గ, త–ద, ప–బ తేడాలు, వత్తులు, మహాప్రాణాలు, ఇంటి తెలుగు నుండి పుస్తకం తెలుగుకు పోయే మెట్లు అందులో ఉండాలి.

మూడు: అర్హత పరీక్షకు తెలుగులో సన్నాహక తరగతులు, తెలుగులో మార్గదర్శకాలు.

మనమే చేయగలిగినవి

ప్రభుత్వం చేసేదాకా చేతులు ముడుచుకొని కూర్చోవలసిన పని లేదు. కొంతకాలం క్రిందట మేము నలుగురైదుగురం ఉపాధ్యాయులం గుడియాత్తంలో ఒక మిత్రుని ఇంట నెలకు ఒక శనివారం కలవడం మొదలుపెట్టాం. నియమం ఒక్కటే: ఎవరూ ఉపన్యాసం ఇవ్వరాదు, ప్రతివారూ తమ తరగతి నుండి ఒక నోటుపుస్తకం తేవాలి. అందులోని తప్పులను మధ్యలో పెట్టి ‘బిడ్డ ఎందుకు ఇట్లా వ్రాశాడు?’ అని ఆలోచించాలి. నేను మొదట చెప్పిన పడి–బడి రహస్యం అక్కడ బయటపడినదే. ఒక సోదరి ‘వీళ్లంతా ఒకే విధంగా తప్పు వ్రాస్తున్నారంటే అది తప్పు కాదు, లెక్క’ అన్నది. ఆ మాటతో మా కళ్లు తెరుచుకొన్నాయి.

తరువాత తరగతిలో ఏమి చేశామో చెబుతాను. మీకూ పనికి రావచ్చును. ముందు వ్రాత మాన్పించి నోటితో మొదలుపెట్టాం. పిల్లలను కంఠం మీద వ్రేళ్లు పెట్టుకొని ‘గ్’ అని, ‘క్’ అని పలకమన్నాం. మొదటి దానికి వ్రేలి క్రింద వణుకు తెలుస్తుంది, రెండవ దానికి తెలియదు. పిల్లలకు అది గొప్ప వినోదం. వణికే అక్షరాలను ఎర్రసుద్దతో, వణకని వాటిని తెల్లసుద్దతో వ్రాశాం. కాలు–గాలి, పాట–బాట, తాత–దాత, ఆకు–ఆగు వంటి జంటలను పలికించి, ఆ తరువాతనే వ్రాయించాం. ‘నేను పడికి పోతాను’ అని వ్రాసిన బాలుణ్ణి అడిగాను: ‘పడి అంటే ఏమిరా?’ వాడు తడుముకోకుండా ‘తమిళంలో చదువు అని అర్థం గదా అయ్యవారూ’ అన్నాడు. వాని లెక్కలో అది తప్పే కాదు! ఒక నెల తరువాత తప్పులు పూర్తిగా పోయాయని చెప్పను, సగానికి తగ్గాయి. కొట్టకుండా, తిట్టకుండా, ఇరవైసార్లు వ్రాయించకుండా తగ్గాయి.

మా కూటమి కూడా కుంటుతూనే నడిచింది. పండుగలు, ఎన్నికల విధులు, బస్సులు, ఇంటి పనులు. కొన్ని నెలలు ఇద్దరమే మిగిలాం. అయినా ఆ కొన్ని కూటాలలో నేను నేర్చుకొన్నంత, అంతకు ముందు హాజరైన శిబిరాలన్నింటిలోనూ నేర్చుకోలేదు. ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. శిబిరానికి పోయి, సంతకం పెట్టి, టీ తాగి, గడియారం చూచుకొంటూ కూర్చున్న దినాలు మనకెవరికి లేవు? తెలుగులో శిక్షణ ఇవ్వమని అడిగే నోరు, ఇచ్చిననాడు మనసు పెట్టి నేర్చుకొంటామని మాట ఇవ్వాలి.

తల్లిదండ్రులకు ఒక మనవి

చివరిమాట తల్లిదండ్రులకు. మా తరువాత ఈ బెంచీ ముందు నిలబడేవారెవరు? పోస్టు ఉండీ అర్హులు లేరని ఖాళీగా పోవడం మనకు తెలియనిది కాదు. రిజర్వేషన్ వరుసలో వచ్చిన వర్గంలో తెలుగు అభ్యర్థి దొరకలేదని కూడా కొన్నిచోట్ల వింటుంటాం. అది రిజర్వేషన్ తప్పు కాదు. మన ప్రాంతంలో ఇంట తెలుగు మాట్లాడే అరుంధతీయ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. 2009లో వారికి రాష్ట్రం మూడు శాతం ఉపకోటా ఇచ్చింది. ఆ ఇండ్ల బిడ్డలను తెలుగు చదివించి, ఉపాధ్యాయ శిక్షణకు పంపడానికి మనం ఏ మాత్రం పూనుకొన్నాం? తెలుగు అంటే కొన్ని కులాల సొత్తు అన్నట్లు మన సంఘాలు నడిచినన్నాళ్లూ, ఆ ఖాళీలకు మనమూ బాధ్యులమే.

మీ ఊరిలో తెలుగు చక్కగా చదివే అమ్మాయి గాని, అబ్బాయి గాని ఉంటే, ఏ కులంవారైనా సరే, ‘తెలుగు అయ్యవారివి కావమ్మా’ అని ఒకసారి చెప్పి చూడండి. ఎవరో ఒకరు ఆ మాట చెప్పినందుకే మాలో చాలామంది ఈ వృత్తిలోకి వచ్చాం. బడి సమావేశానికి పోయినప్పుడు ‘తెలుగు టీచరు ఉన్నారా?’ అని అడిగి ఊరుకోకండి. ‘ఆయనకు ఈ ఏడు తెలుగులో శిక్షణ ఇచ్చారా?’ అని కూడా అడగండి. ఉపాధ్యాయుడు అడిగితే అది సొంత అక్కర అనుకొంటారు. తల్లి అడిగితే దానికి బదులు చెప్పక తప్పదు.

ఆ బాలుడు ఇప్పుడు ‘నేను బడికి పోతాను’ అని సరిగా వ్రాస్తున్నాడు. అప్పుడప్పుడు మరచి పడి అని వ్రాసినా, వెంటనే కంఠం మీద వ్రేలు పెట్టుకొని చూచుకొని, తానే దిద్దుకొంటున్నాడు. వానికి అది నేర్పడానికి ముందు నాకు ఎవరో నేర్పవలసి వచ్చింది. ఆ ‘ఎవరో’ అదృష్టవశాత్తు దొరికిన నలుగురు స్నేహితులు. మిగిలిన తెలుగు బడుల అయ్యవార్లకు అది అదృష్టానికి వదిలిపెట్టవలసిన విషయం కారాదు.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయుడు
తొరపాడి, రాయవేలూరు